మావయ్యగారి లెక్కకు ఎగిరిన రాకెట్

మావయ్యగారి గొంతుకు ఆపరేషన్ తప్పదని తెలిసిన వారంలోనే మా పాప బడి నుంచి రాకెట్ ఊసు మోసుకొచ్చింది.

రాజమండ్రిలో డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. స్వరపేటిక తీసేస్తారు. మెడ దగ్గర చిన్న కన్నం పెడతారు, ఇకమీద ఊపిరి అందులోంచే. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఉండదు. మావయ్యగారు అంతా శ్రద్ధగా విని, "అయితే ఇక బేరాలాడక్కర్లేదన్నమాట" అన్నారు. డాక్టరుగారు నవ్వారు. మావారూ నేనూ నవ్వలేకపోయాం.

రామచంద్రపురంలో మాది పప్పుల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను పొద్దున్నే నిద్రలేచింది ఆయన గొంతుకే. బస్తాలు దించేవాళ్ళ మీద కేకలు, కొనేవాళ్ళతో పరాచికాలు. ఆ గొంతు బొంగురుపోతే మిరపకాయల ఘాటు అనుకున్నాం. నెలలు అలాగే అనుకున్నాం.

పాపకు ఈ సంగతి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. నాకు అసలే ప్రతిదానికీ భయం. దానికి ఒళ్ళు వెచ్చబడితే చాలు, తెల్లారేదాకా ఫోన్లో రోగాల గురించి చదువుతూ కూర్చుంటాను. ఎనిమిదేళ్ళు కూడా నిండని పిల్లకు ఏ మాటల్లో చెప్పాలా అని నేను వెతుక్కుంటూ ఉండగానే అది తలుపు చాటు నుంచి అంతా వినేసింది. ఏడవలేదు. వంటింట్లోకి వచ్చి, "తాతయ్య గొంతు పోకముందే రాకెట్ ఎగరెయ్యాలమ్మా. కౌంట్‌డౌన్ తాతయ్యే చెప్పాలి" అంది.

దాని టీచరు చూపించిన రాకెట్‌కు నిప్పు అక్కర్లేదు. పెద్ద కూల్‌డ్రింక్ సీసా మూతికి నీళ్ళ పైపు ముక్క బిగించి, గాలి పోకుండా సైకిల్ ట్యూబు చుట్టి, పైపు మీద కాగితపు గొట్టం తొడిగి, సీసాను కాలితో గట్టిగా తొక్కాలి. గాలి తోసుకొచ్చి గొట్టం ఎగురుతుంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ పాపకు వట్టి గొట్టం నచ్చలేదు. పేపర్లో పడ్డ నిజం రాకెట్ ఫొటో పట్టుకుని తాతగారి దగ్గర కూర్చుంది. "అచ్చం ఇలాగే ఉండాలి. పక్కన చిన్న గొట్టాలు కూడా."

"ఎంత పొడుగు చేద్దామేంటి?"

"నా చెయ్యంత."

మావయ్యగారు దారం తీసి ఫొటోలో రాకెట్ వెడల్పు కొలిచారు. ఆ దారం నిలువునా ఎన్నిసార్లు పడుతుందో చూశారు. పైపు లావు ఎటూ మారదు కాబట్టి దాన్నిబట్టి పొడుగు తేల్చారు. అది పాప చెయ్యి కంటే కాస్త ఎక్కువే వచ్చింది. "నీ చెయ్యి పెరుగుతుందిలే" అన్నారు.

కొట్టు పేరుతో ఏటా వేయించే క్యాలెండర్లు అటక మీద మిగిలిపోయి ఉన్నాయి. దేవుడి బొమ్మలున్న పేజీలన్నీ విడిగా తీసి అత్తయ్యగారికిచ్చి, తేదీల కాగితాలే తీసుకున్నారు. తెల్లటి వైపు బయటికి వచ్చేలా పైపు మీద చుట్టి, మైదా జిగురు పట్టించి, పక్కల చిన్న గొట్టాలు కూడా అతికించారు. పైన ముక్కు కోసం ఆయన ఆలోచించను కూడా లేదు. జీలకర్రకు కట్టే పొట్లంలా వేళ్ళ మధ్య కాగితం ఒక్కసారి తిప్పారంతే, కొసదేరిన ముక్కు తయారైంది. ఫొటోలో రాకెట్‌కు రెక్కలు కనపడవు, అవి లేకపోతే మనది తిన్నగా ఎగరదు. అందుకని అద్దంలా ఉండే స్వీట్ల డబ్బా ప్లాస్టిక్ మూత కత్తిరించి, కనపడని రెక్కలు అతికించారు.

తూకం దగ్గరే చిక్కొచ్చింది. రాకెట్ నడుముకు సరిగ్గా సగంలో దారం కట్టి వేలాడదీశారు. ముక్కులో గోధుమపిండి ముద్ద పెడుతూ, గిల్లి తీస్తూ, అటూ ఇటూ ఒరగకుండా సమంగా నిలిచేదాకా వదల్లేదు. "చూడు అమ్మలూ, తక్కెడలోలా ముల్లు కదల్లేదు" అని మురిసిపోయారు.

మేడ మీద మొదటిసారి ఎగరేశాం. పాపకు నేను వాళ్ళ నాన్న హెల్మెట్ పెట్టాను.

"నీ కూతురు చంద్రుడి మీదికి వెళ్ళట్లేదమ్మాయ్" అన్నారు మావయ్యగారు.

"కంటికి తగిలితేనోనండీ?"

"అది కాగితం. పోనీ నాక్కూడా ఒకటి పెట్టు."

రాకెట్ మనిషెత్తు లేచి, గాల్లోనే పిల్లిమొగ్గలు వేసి, వడియాల మీద పడింది. అత్తయ్యగారు ఇద్దర్నీ కలిపి తిట్టారు. మర్నాడు పాప టీచర్ని అడిగి వచ్చింది. ముక్కు వైపే బరువు ఎక్కువ ఉండాలట. మావయ్యగారు కాసేపు రాకెట్ వంక చూసి, పకపకా నవ్వబోయి దగ్గారు. "మొగ్గు చూపించి తూచాలన్నమాట! అరవై ఏళ్ళొచ్చి అదే మర్చిపోయానే" అన్నారు. కొనేవాళ్ళ వైపు తక్కెడ కాస్త వంగితేనే సరుకు పొట్లం కట్టే మనిషి ఆయన. పిండి ముద్ద పెద్దది చేశారు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. కాగితం మెత్తబడిపోతూ ఉంటే పొయ్యి దగ్గర పెట్టి ఆరబెట్టేవాళ్ళం. ఆ ముసురులోనే మావయ్యగారి గొంతు ఇంకా సన్నబడింది. దసరా వెళ్ళాక అనుకున్న ఆపరేషన్‌ను డాక్టరుగారు ముందుకు జరిపారు. పాప రోజూ కిటికీలోంచి ఆకాశం చూసి, తాతగారి చేత ఒక మాట అనిపించుకుని, గొంతు ఉందని నమ్మకం కుదిరాక బడికి వెళ్ళేది.

రాజమండ్రి ప్రయాణానికి ముందురోజు పొద్దున్న వాన తెరిపిచ్చింది. మావయ్యగారికి తెలిసినవాళ్ళ రైస్‌మిల్లులో, ధాన్యం ఆరబోసే సిమెంటు చప్టా మీదికి వెళ్ళాం. చప్టా ఇంకా తడిగా ఉంది. జారుతుందేమోనని పాప చెప్పులు విప్పించాను. ఫోన్లో వీడియో తీయడం మొదలుపెట్టాను. మావయ్యగారు గొంతు సవరించుకుని, పంచె సర్దుకుని, పది నుంచి మొదలుపెట్టారు. ఒక్కో అంకెకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నారు. పాప ఒంటికాలి మీద నిలబడి ఆయన నోటినే చూస్తోంది.

"మూడు... రెండు... లాభం!"

పాప కదల్లేదు.

"లాభం!" అన్నారు మళ్ళీ.

"ఒకటి ఏది తాతయ్యా?"

"అదేనే! లాభం అంటే ఒకటే. తొక్కు!"

కొట్లో కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. వెనక్కి లెక్కపెట్టినా ఆయన నోటికి ఒకటి రాలేదు. పాప కిలకిలా నవ్వుతూనే ఎగిరి తొక్కింది. రాకెట్ సూటిగా లేచింది. మిల్లు రేకులు దాటింది. ఎండలో ఒక్క క్షణం తెల్లగా మెరిసి, ఒంగి, గట్టు మీది కొబ్బరిచెట్టు మొవ్వులో దిగబడిపోయింది.

"మళ్ళీ కాయల దింపుకి దొరుకుతుందిలే" అన్నారు మావయ్యగారు. మర్నాడు కారెక్కే ముందు అత్తయ్యగారిని పేరు పెట్టి పిలిచారు. ఎందుకు పిలిచారని ఆవిడ అడిగితే, ఊరికేనే అన్నారు.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. ఇంటికి తెచ్చాక, ఆయన గొంతు ఒక్కసారి విందామని అత్తయ్యగారు ఆ వీడియో పెట్టమన్నారు. పెట్టాను. అందులో అంతా నేనే ఉన్నాను. "జాగ్రత్త, జాగ్రత్తమ్మా, జారుతుంది, వెనక్కి జరుగు" అంటూ మొదటి నుంచి చివరిదాకా నా గొంతే. దాని కింద ఎక్కడో సన్నగా ఆయన అంకెలు. అత్తయ్యగారు ఫోను చెవికి ఆనించుకుని రెండుసార్లు విన్నారు. ఫోను తిరిగి నా చేతిలో పెట్టారు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

కొబ్బరి దింపు వచ్చింది. రాకెట్ ముద్దయి దొరికింది. పాప దాన్ని చూసి, తాతగారి పక్కన కూర్చుని కొత్తది చుట్టింది. ఈసారి జిగురు రాసింది, పొట్లం తిప్పింది, మొగ్గు చూసుకుంది తనే. ఆయన దారం పట్టుకున్నారు. మెడకు కట్టిన పల్చటి గుడ్డ ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి పోయి వస్తూ ఉంటే, పాప మొదట్లో కళ్ళు తిప్పుకునేది. ఇప్పుడు తిప్పుకోవడం లేదు.

నిన్న సాయంత్రం మేడ మీద, "ఈసారి నేను లెక్కపెడతాను. నువ్వు తొక్కు తాతయ్యా" అంది.

నేను వద్దనబోయాను. నోరు మూసుకున్నాను.

బడిలోలా ఇంగ్లీషులో గబగబా లెక్కపెట్టింది. మావయ్యగారు నా భుజం పట్టుకుని, కాలెత్తి, సీసా వైపే చూస్తూ తొక్కారు. ఆ కాలిలో ఇదివరకటి బలం లేదు. సీసా సగమే నొక్కుకుంది. రాకెట్ పిట్టగోడ ఎత్తు కూడా లేవలేదు. ఆయన వెనకాల, ఆరేసిన దుప్పటికి తగిలి చప్పుడు లేకుండా జారిపోయింది.

ఆయన తలెత్తి ఆకాశంలో వెతికారు. తర్వాత పాప వైపు చూసి, ఎంత ఎత్తు అన్నట్టు చెయ్యి పైకి తిప్పారు.

"బోలెడు పైకెళ్ళింది తాతయ్యా" అంది పాప. "మిల్లు దగ్గర వెళ్ళినదానికంటే ఎక్కువ. నువ్వు కిందికి చూస్తున్నావు కదా, నీకు కనపడలేదు."

మా పాప అంత తొణక్కుండా అబద్ధమాడగలదని నాకు తెలియదు. ఎప్పుడు నేర్చుకుందో కూడా తెలియదు. మావయ్యగారు నా వైపు తిరిగారు. నిజమేనా అన్నట్టు కనుబొమలెత్తారు.

"అవునండీ మావయ్యగారూ" అన్నాను. "చాలా పైకి వెళ్ళింది."

ఆయన నా భుజం మీద చెయ్యి తీయకుండా అలాగే నిలబడ్డారు. పాప మా ఇద్దరి వైపూ చూడకుండా దుప్పటి కిందికి వంగి, సొట్టపడ్డ కాగితపు ముక్కును వేళ్ళతో సరిచేస్తోంది.