దేవుడి బంతి

మొన్న శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి, మండపేటలో మా ఎదురింటికి స్లాబు పోస్తున్నారు. పచ్చి సిమెంటు వాసన తగలగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఆ వాసనకు నాకు మార్తమ్మ అత్త గుర్తొస్తుంది. చుట్టరికమేమీ లేదు. మా కాంక్రీటు ముఠాకు పెద్ద, నాకు పని నేర్పిన మనిషి.

అందరూ కాంక్రీటు పోయడం అంటారు. ఆవిడ వడ్డించడం అనేది. ఎత్తు నుంచి విసిరితే కంకర ఒకచోట, సిమెంటు పాలు ఒకచోట చేరతాయి. అలాంటి స్తంభం అడుగున కంకర తేలి పళ్లు ఇకిలిస్తుంది, బరువు మొయ్యదు. “నిలబడి వడ్డిస్తే పులుసు ఒకవైపు, ముక్కలు ఒకవైపు. నడుం వంచవే సత్తెమ్మా!” అని నన్ను కసిరేది.

మా పేటలో పాత చర్చి గాలివానకు కూలిపోయింది. కొత్తదానికి మొదటి స్తంభం నింపుతున్న రోజున, పని సగంలో ఉండగా తూర్పున మబ్బు పట్టింది. కలిపిన కాంక్రీటంతా ఇంకా నేల మీదే ఉంది. తడిస్తే పనికిరాదు.

“పైనుంచి కుమ్మరించెయ్యండి!” అని మేస్త్రి వెంకన్న గారు కేకేశారు. “పెళ్లి భోజనాలు పెడుతున్నావా ఏంటి మార్తమ్మా?”

“మీ పెళ్లికైతే విసిరేదాన్నే మేస్త్రిగారూ. ఇది దేవుడి బంతండి!”

స్తంభం చుట్టూ బిగించిన చెక్కపెట్టెకు ఒక పక్క ఆవిడ ముందే కిటికీలా సందు వదిలించింది. అందులోంచి తట్ట వంచి, జానెడు మందాన పరిచి, కడ్డీతో కూరి, మళ్లీ జానెడు. చినుకులు మొదలయ్యాయి. ఆవిడ చెయ్యి తొందరపడలేదు. “పట్టా తెండి” అంది, అంతే. మేమంతా టార్పాలిన్ పట్టా ఎత్తి పట్టుకున్నాం. తిట్టుకుంటూనే వెంకన్న గారూ ఒక కొస అందుకున్నారు. మేం తడిసి ముద్దయ్యాం. కాంక్రీటు మీద చుక్క పడలేదు.

చెక్కలు విప్పాక చూస్తే, అడుగు నుంచి తల దాకా ఒక్క గుంట లేదు. తోమిన బిందెలా ఉంది. చెయ్యి వేస్తే నా ఒళ్లు జలదరించింది. ఏ ప్రసంగానికీ అలా జలదరించలేదు. వెంకన్న గారు చెప్పులు విడిచి స్తంభం చుట్టూ తిరిగి, “బంతి బాగా సాగింది మార్తమ్మా” అన్నారు.

ఇప్పటికీ అన్నమైనా, మాటైనా నేను విసరను. మొన్న ఎదురింటి మీద కాంక్రీటు పోసే గొట్టం ఎత్తి పట్టినవాడిని, “దించు నాయనా, నిలబడి వడ్డిస్తావేంటి!” అని కేకేశాను. నవ్వాడు గానీ దించాడు.

అరవై దాటాక అక్షరాలు నేర్చి, మొదట చదివింది ఆ చర్చి రాతిపలకనే. అందులో మా పేర్లు లేవు. అందుకని నేనే రాస్తున్నాను. ఆ వానలో పట్టా పట్టినవాళ్లు వెంకన్న గారు, చిట్టెమ్మ, రాహేలు, కొండయ్య, నేను. పట్టా కింద, నడుం వంచి, మార్తమ్మ.