సగం బీడుకే చల్లమన్న ఎరువు

ఇపో పట్నానికి పైన కొండల మీదికి కొత్తగా రోడ్డు పడిన రోజుల్లో ఓడెక్కి సముద్రం దాటి వచ్చిన మేం ఒక తేయాకు తోటలో ఉండేవాళ్లం. మా నాన్న దొరగారి పాడి ఆవుల కాపరి. వాటితో పాటు మా ఎర్రావునూ దొరగారు తన బీట్లోనే మేయనిచ్చేవారు. అమ్మ దగ్గర పాలు చాలక, నా చెల్లెలు ఆ ఆవు పాలతోనే పెరుగుతోంది. నాన్న పని పోతే చెల్లెలి గిన్నె ఖాళీ.

ఆ బీట్లో గడ్డి మధ్య, దొరగారు తన దేశం నుంచి తెప్పించిన మూడాకుల మొక్క ఉండేది. తెల్లని పూలు, తేనె వాసన. బీడు మధ్య కంచెకు ఇటువైపు పెద్దాకు రకం, అటువైపు చిన్నాకు రకం. నేల మీద పాకుతూ కణుపు కణుపునా వేరు దిగేవి. పొద్దున్నే మంచుకు తడిసిన ఆ ఆకుల మీద వట్టికాళ్లతో నడిచిన చల్లదనం నా పాదాలు ఇంకా మరచిపోలేదు.

ఓసారి దొరగారు ఉప్పులా తెల్లగా ఉండే ఎరువు తెప్పించారు. రెండు వైపులా సగం సగమే చల్లమని, తక్కిన సగం ఊరికే వదిలేస్తే తేడా తెలుస్తుందని చెప్పి, కర్రలు పాతించి, పని మీద పెనాంగు వెళ్లారు. నాన్న మొత్తం బీడుకి చల్లేశాడు.

"దొర సగానికే సల్లమన్నాడు గదా! నీకు దొర కంటే ఎక్కువ తెలుసా?" అంది అమ్మ.

"ఏటే, ఒకే బంతిలో కూకున్నోళ్లకి సగం మందికి ఒడ్డించి, సగం మందికి కాళీ ఆకు సూపిత్తామా? నా సెయ్యి ఆడనేదు."

"గడ్డికి కూడా బంతి బోజనం ఎట్టినాడమ్మా మారాజు!"

వానలు పడ్డాయి. గడ్డి మోకాలెత్తు లేచింది. పెద్దాకుది కాడలు సాగదీసుకుని ఎలాగో తల బయటపెట్టింది. చిన్నాకుది కనబడనే లేదు. నాన్న మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పాయలు తీసి చూశాడు. అడుగున పాలిపోయిన సన్నని తీగలు.

"సచ్చిపోనాదే. నా పని పోనాది."

అమ్మ అప్పన్నకు దండం పెట్టుకుని కొడవలి తీసింది. "ఏడిత్తే ఒత్తాదేటి? ఎండ తగలనీ."

మేం ముగ్గురం అటువైపు గడ్డి కోసి ఆవులకు వేశాం. మిగిలింది నేలబారుగా వాటి చేతే మేపించాం. రెండు వారాలకు ఆ తీగల కణుపుల దగ్గర పెసరగింజంత ఆకులు విచ్చాయి. నేను చప్పట్లు కొట్టాను. దేవుడు ఎంత చిన్నవాటిని కూడా చూసుకుంటాడో నాకు మొదట తెలిసింది అక్కడే.

దొరగారు తిరిగివచ్చే రోజున నాన్న తువ్వాలు భుజం మీంచి తీసి, తానే ఎదురెళ్లి జరిగింది చెప్పాడు. దొరగారి మొహం కందిపోయింది. ఎందుకు చేశావని, తోటలో అందరూ మాట్లాడే అరవంలో అడిగితే, నాన్న ఆ బంతి మాటే చెప్పాడు. దొరగారు వంగి, ఆ చిన్న ఆకుల్ని వేలితో కదిపి చూసి, ఇకమీదట ఎరువు బస్తా ముట్టుకోవద్దని, ఆవుల్ని మాత్రం చూసుకోమని చెప్పి లోపలికి వెళ్లిపోయారు.

ఆ పూట అమ్మ ముందు చెల్లెలికి పాలు పట్టి, మా అందరికీ అన్నం పెట్టింది. నాన్న పళ్లెం మాత్రం ఎదురుగా ఖాళీగా ఉంచింది.

"నాకేదే?"

"ఈ బంతిలో సగానికే ఒడ్డించమన్నాడు దొర," అంది అమ్మ, గరిటె అన్నంలోకి దించుతూ.