సారుగారి వీడ్కోలు, నా మధ్యాహ్నం పూజ

మా శాసన మండలి సభ్యుడి పదవీకాలం ముగిసింది. నిన్న సభలో వీడ్కోలు ప్రసంగం చేస్తూ, తన ఇంటి తలుపు ప్రజలకు ఎప్పుడూ తెరిచే ఉందని చెప్పి కళ్లు తుడుచుకున్నారు. మా వీధి మురుగు కాలువకు మూత వేయించమని ఆ ఇంటికి నేను పద్నాలుగు సార్లు వెళ్లాను. తేదీలన్నీ రాసి పెట్టుకున్నాను. ప్రతిసారీ "సారు పూజలో ఉండారు" అని ఆయన సహాయకుడు వరండాలోంచే పంపేశాడు. చివరికి ఆ కాలువలో పడి మా అత్తగారి తుంటి విరిగింది. ఇప్పటికీ మంచం దిగలేదు.

ఈ రోజు మధ్యాహ్నం ఆయన ఇంటింటికీ ధన్యవాదాలు చెబుతూ మా గాంధీనగర్‌కు వచ్చారు. నేను తలుపు తీయకుండా కిటికీలోంచి, "పూజలో ఉండాను, కూర్చోండప్పా" అన్నాను.

"మూడు గంటలప్పుడు ఏం పూజక్కా?" అన్నాడు సహాయకుడు.

"మీ సారు చేస్తాండే పూజేలేప్పా. ఆయప్ప వాకిట్లోనే నేర్చుకుంటి."

అరగంట ఎండలో మెట్ల మీద కూర్చుని, ధన్యవాదాల కార్డు గుమ్మంలో పెట్టి వెళ్లిపోయారు. లోపల అత్తగారు చాలా రోజుల తర్వాత నవ్వారు.

"మళ్లా వస్తాడంటావా మే?"

"రావల్ల కదత్తా. ఇంకా పదమూడు సార్లుండాయి."

రేపు పక్క వీధులకూ వస్తారట. అప్పుడు మీరు ఏ పనిలో ఉంటారో కింద రాయండి.