శనివారం పూట ఆర్జెంటీనా వంటలు

రెండు వేల పదమూడులో నేను న్యూయార్క్ దగ్గర పిస్కాటవేలో మా అమ్మాయి పద్మ ఇంట్లో ఆర్నెల్లు ఉన్నాను. మనవరాలు కీర్తన అప్పుడు కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. స్పానిష్ నేర్చుకుంటోంది. ఆర్జెంటీనాలో ఉత్తరాన సాల్తా అనే ఊళ్ళో నాలుగు నెలలు చదువుకునే వీలు దానికి దొరికింది. పద్మ ఒప్పుకోలేదు. అక్కడ మూడు పూటలా గొడ్డు మాంసమేనట, పిల్ల ఏం తిని బతుకుతుందని దాని భయం. మేం కోడి, మేక తింటాం గానీ గొడ్డు మాంసం మా గడప తొక్కదు. తల్లీకూతుళ్ళు పది రోజులు వాదించుకుని, చివరికి తీర్పు నా నెత్తిన పెట్టారు. న్యూయార్క్‌లో ఆర్జెంటీనా వాళ్ళ కొట్లున్న పేట ఒకటుంది. నేను వెళ్ళి చూసి, మనం తినే తిండి ఉందంటే పిల్ల వెళ్తుంది, లేదంటే ఆగిపోతుంది. నేను ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. వంట చూడ్డానికి అంతకంటే చదువక్కర్లేదు.

శనివారం ఉదయం ఎనిమిదింపావుకి పక్క ఊరు ఎడిసన్‌లో నేనూ కీర్తనా రైలెక్కాం. అరవై రెండేళ్ళు దాటితే టికెట్టు సగమే, వయసు తెలిపే కార్డు దగ్గరుంచుకోండి. శనివారం నేను మాంసం కాదుగదా, గుడ్డు కూడా ముట్టను. మరో రోజంటే కీర్తనకి కుదరదు. అందుకని స్టీలు డబ్బాలో పెరుగన్నం, మాగాయ టెంక కట్టుకున్నాను. ఎదుటి సీట్లో నెల్లూరు నుంచి కొడుకింటికి వచ్చిన మాష్టారొకాయన కూర్చున్నారు. మా ప్రయాణం సంగతి విని, డబ్బా కేసి చూసి నవ్వారు.

“ఆర్జెంటీనా వంట రుచి చూడ్డానికి పెరుగన్నం కట్టుకుపోతుండారా అమ్మా?”

“రుచి చూడ్డానికేనండీ. కడుపు నింపుకోడానికి ఇది” అన్నాను.

తొమ్మిది దాటాక న్యూయార్క్‌లో దిగి, భూమి కింద నడిచే రైలెక్కి, అరగంట తర్వాత క్వీన్స్‌లో దిగాం. అక్కణ్ణించి నడకే. కీర్తన టాక్సీ అంది. కాళ్ళున్నాయిగా అన్నాను. ఇరవై నిమిషాలు పట్టింది. కొట్టు ఇంకా తెరవలేదు, వాళ్ళు తలుపు తీసేసరికి పదకొండయింది.

కొట్టు చిన్నది, ఆరు బల్లలు. నడిపే ఆవిడ పేరు సుసానా, ఆవిడదీ సాల్తాయే. యాభై దాటి ఉంటాయి. ముంజేతుల దాకా పిండి. నాకు ఇంగ్లీషు రాదు, ఆవిడకీ అంతంతమాత్రమే. మధ్యలో కీర్తన స్పానిష్‌లో అడిగి, తెలుగులో చెప్పింది.

ముందు లోక్రో చూపించింది. తెల్ల మొక్కజొన్న గింజలు, గుమ్మడికాయ, చిక్కుడు గింజలు గంటల తరబడి ఉడికించిన చిక్కటి పులుసు. చూడ్డానికి మన దప్పళంలా ఉంది గానీ అందులో మాంసం ఉంటుంది. ఆవిరి మొహాన తగలగానే వెనక్కి జరిగాను. తర్వాత చిపా. అది ఆ దేశపు ఈశాన్యం వాళ్ళది, కర్రపెండలం పిండీ జున్నులాంటి చీజూ కలిపి కాల్చిన ఉండలు. మా సామర్లకోట వైపు కర్రపెండలం విస్తారంగా పండుతుంది, దాన్ని ఇలా కూడా వండొచ్చని నాకు తట్టలేదు. గుడ్డు పడుతుందన్నారు కాబట్టి ఆరు పొట్లం కట్టించాను, ఆదివారానికి.

నాకు బాగా నచ్చింది హుమిత. లేత మొక్కజొన్న తురిమి, ఉల్లిపాయ, చీజు, వెన్న కలిపి, ఆ పొత్తు రేకుల్లోనే మూటకట్టి ఉడికిస్తారు. విప్పితే వాసన, పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించే మన పొట్టిక్కల వాసనే. ఉప్పు ఒక పిసరు తగ్గింది. రెండు తిన్నాను. కీర్తన మొహం వెలిగింది.

అంతలో పక్క బల్ల మీది పెద్దాయన సొరబుర్రలాంటి గిన్నెలో ఆకుల కషాయం పోసి నా ముందుంచాడు. మాతే అంటారట. ఒకే లోహపు గొట్టం, అందరూ దాంతోనే పీల్చాలి. ఆయన అప్పుడే పీల్చి ఉన్నాడు. ఎంగిలి. దణ్ణం పెట్టి వద్దన్నాను. ఆయన కీర్తనకిచ్చాడు. అది నా కేసి ఒకసారి చూసి, పీల్చింది. నాకు నచ్చలేదని నా మొహమే చెప్పి ఉంటుంది.

పన్నెండున్నరకి ఎంపనాదలు తీసుకున్నాం. కజ్జికాయల ఆకారంలో ఉంటాయి, లోపల కూర, నూనెలో వేయించినవి. విడిగా కంటే డజను చవకని డజను పెట్టె అడిగాను. తీరా విప్పితే గొడ్డు మాంసంవి, కోడివి, మొక్కజొన్నవి కలిపి సర్దేసి ఉన్నాయి. కీర్తన పెట్టె మూసేయబోయింది. నేను ఆపి అంచులు చూశాను. కొన్నిటి అంచు తాడులా మెలితిప్పి ఉంది, కొన్నిటికి ఫోర్కుతో నొక్కిన గీతలు, కొన్ని రెండు కొసలూ కలిపి టోపీలా చేసినవి. ఏ కూరకి ఏ మడత అని లెక్క ఉండి తీరాలన్నాను. సుసానా ఒప్పుకుంది. వాళ్ళ కొట్లో టోపీవి మొక్కజొన్నవి. మరో కొట్లో మడత మారొచ్చు, అడక్కుండా తినకండి.

ఆవిడ నా చేతికి ఒక పిండి బిళ్ళ ఇచ్చింది. మా ఇంట్లో పండక్కి రెండొందల కజ్జికాయలు మడిచిన చేతులివి. తాడు అంచు రెప్పపాటులో తిప్పేశాను. ఆవిడ గబగబా ఏదో అంది.

“నీకు జాబ్ ఇస్తుందంట అమ్మమ్మా, మండే నుంచే” అంది కీర్తన.

పిండి మాత్రం ఆశ్చర్యంగా ఉంది. మైదా అంత మెత్తగా, చేతికి అంటకుండా ఎలా వచ్చిందో నాకర్థం కాలేదు. ఏం కలిపిందో అడగమన్నాను, ఇంటికెళ్ళి చేసుకుందామని. ఒక చేతిలో టోపీ ఎంపనాద ఉంది, కొరకబోతున్నాను.

కీర్తన అడిగింది. సుసానా చెప్పింది. పిల్ల నా చేతిలోని ఎంపనాద కేసి చూసింది. వెన్న అని చెబితే నాకు తెలిసే దారే లేదు. సాల్తా వెళ్ళడానికి ఆ ఒక్క మాట చాలు.

“తినకు అమ్మమ్మా” అంది. “పిండిలో బీఫ్ ఫ్యాట్ కలుపుతారంట. కార్న్‌వి కూడా అదే పిండి.”

ఎంపనాద పెట్టెలో పెట్టేసి, వెళ్ళి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. తిరిగొచ్చేసరికి కీర్తన తల వంచుకుని కూర్చుంది. డజనూ మాతే పెద్దాయనకి ఇప్పించేశాను. తిండి పారేయడం నా వల్ల కాదు. ఆయన సంతోషంగా పుచ్చుకున్నాడు. మేమిద్దరం పెరుగన్నం పంచుకుని తిన్నాం.

మూడూ ఇరవైకి తిరుగు రైలు. కీర్తన కిటికీ లోంచి చూస్తోంది. ఎంపనాదలు మనకి పనికిరావు. లోక్రో అసలే కాదు. హుమిత వెన్నతో చేసిందని అడిగి తెలుసుకుంటే హాయిగా తినొచ్చు, చిపా శనివారం కాకపోతే. అంతా చూస్తే ఆ దేశంలో తిండి ఉంది, దాన్ని అడిగి తెలుసుకునే నోరూ, విన్నది విన్నట్టు చెప్పే నోరూ కావాలి. నాకు తోచింది అదీ.

పద్మ ఫోన్ చేసింది. కీర్తన ఫోన్ నాకిచ్చి, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

“ఏమ్మా, అక్కడ మనం తినేవి ఉన్నాయా?”

“నన్నెందుకే అడుగుతావ్? అక్కడికి వెళ్ళేది అది. వెళ్ళాక రోజూ దాన్నే అడుగు. నాకు చెప్పినట్టే నీకూ చెబుతుంది” అన్నాను.