హెల్మరప్పకు నోబెల్ వచ్చిన ఏడాది

ఇంటర్నెట్టు అనే మాట ఇంకా మదనపల్లెకు చేరని ఆ కాలంలో లోకజ్ఞానం మా ఊరికి రెండు దారుల్లో వచ్చేది. సాయంత్రం రేడియోలో, పొద్దున బస్సు మీద పత్రికల కట్టలో. మూడో దారిగా నేనుండేవాణ్ని. ఇరవై మూడేళ్ల వయసులో, ఒక మిద్దె మీద నడిచే కోచింగ్ సెంటర్లో ఉద్యోగ పరీక్షలకు జనరల్ నాలెడ్జి చెప్పేవాణ్ని. నాకు తెలియనిది లోకంలో లేదని ముప్పై మంది నమ్మేవారు. ముప్పై ఒకటోవాణ్ని నేను.

అక్టోబరు వస్తే నాకు పండగ. నోబెల్ బహుమతులు ప్రకటించే నెల అది. ఆరు బహుమతుల్లో ఏదో ఒకదాని మీద పరీక్షలో ఒక బిట్టు ఖాయం. అందుకని ఆ వారమంతా సాయంత్రాలు మిద్దె మీద రేడియో పెట్టుకుని, పెన్సిలు చెక్కుకుని కూర్చునేవాణ్ని. ఆ ఏడాది భౌతికశాస్త్రం పేర్లు రాసుకున్నాను. రసాయనశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి హార్స్లీ కొండల మీదికి మబ్బు దిగుతోంది. ఆ మబ్బులోంచి ఒక రాజుగారు నడిచి వచ్చి నా మెడలో పతకం వేశారు (నోబెల్ పతకం మెడలో వేయరని, చేతికిస్తారని తర్వాత తెలిసింది, అప్పటికే క్లాసులో తప్పుగా చెప్పేసి ఉన్నాను). ఏ శాస్త్రంలో ఇచ్చారో నాకే స్పష్టంగా లేదు. మా అమ్మ మొదటి వరుసలో కూర్చుని ఉంది. నా కృతజ్ఞతా ప్రసంగం పూర్తయ్యేసరికి రేడియోలో రాగల ఇరవై నాలుగు గంటల్లో వర్షం పడుతుందని చెబుతున్నారు.

క్లాసులో జాబితా చెప్పడానికి ఇంకా వారం గడువుంది. గ్రంథాలయం పది నిమిషాల నడక. పాత పత్రికలు తిరగేస్తే నేను వినకుండా పోగొట్టుకున్న రసాయనశాస్త్రం పేరు దొరికేది. రేపు పోదాంలే అనుకుంటూ ఆ వారం గడిపేశాను. నా జీవితంలో చాలా తప్పులకు మూలం చెడ్డబుద్ధి కాదు, ఆ పది నిమిషాలు నడవకపోవడమే.

క్లాసు రోజున అయిదు బహుమతులు చెప్పి, చాక్‌పీసు కింద పెట్టబోయాను.

"కెమిస్ట్రీ మర్సిపోతివే సార్?" అన్నాడు టమోటా అన్న. పొద్దున టమోటా మండీలో వేలంపాట పాడి, సాయంత్రం మా దగ్గర చదువుకునేవాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద.

తెలియదు అని రెండు మాటలు అనలేకపోయాను. "హెల్మర్ ఓస్టెన్‌గ్రోవ్" అన్నాను. ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఏ దేశం అన్నారు, చలిదేశం ఒకటి చెప్పాను. ఏం కనిపెట్టాడు అన్నారు, ఆకులు రంగు మారే రహస్యం అన్నాను. అక్కడితో ఆగినా సరిపోయేది. ఆయన తల్లి గడ్డకట్టే ఏటిలో పరాయివాళ్ల బట్టలు ఉతికిందని, ఆయన మూడుసార్లు పరీక్ష తప్పాడని, ఊరంతా నవ్వినా బడిపంతులమ్మ అయిన భార్య ఒక్కతే నమ్మిందని, అరగంట చెప్పాను. చెబుతూ చెబుతూ నేనే కళ్లు తుడుచుకున్నాను.

వారం తిరిగేలోగా ఆయన క్లాసులో హెల్మరప్ప అయిపోయాడు. ఎవరికి లెక్క తప్పినా, "హెల్మరప్పే మూడుసార్లు తప్పినాడు, నువ్వెంత!" అని ఓదార్చుకునేవారు. అందరికంటే ఎక్కువగా ఆయన్ని సొంతం చేసుకున్నది కుప్పం అక్క. కుప్పంలో మెట్టినిల్లు, పట్టుపురుగులు పెంచే కుటుంబం. మూడు నెలల కోసం బిడ్డను చంకనేసుకుని మదనపల్లెలో అక్కగారింటికి వచ్చి చదువుతోంది. 'ఈ ఒక్క పరీక్షకే పంపిస్తా, రాకపోతే పుస్తకాలు మూసి పురుగుల షెడ్డు సూసుకోవల్ల' అన్నది మామగారి షరతు. "బిడ్డ కూడా హెల్మరప్ప కత చెప్పందే అన్నం తినదు సార్" అంది ఒకరోజు. నేను చిరునవ్వు నవ్వాను. ఆ చిరునవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పరీక్ష జరిగిన మర్నాడు టమోటా అన్న పదిమందిని వెంటేసుకుని మిద్దెక్కాడు.

"మోసం సార్! కెమిస్ట్రీ నోబెల్ అడిగినారు. నాలుగు పేర్లిచ్చినారు. నాలుగిట్లో మన హెల్మరప్ప లేడు!"

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "మరి ఏం చేశారు?"

"ఏదో ఒకటి దిద్దినాం సార్. కుప్పం అక్క మాత్రం దిద్దనే లేదంట. తప్పుడు బిట్టుకు జవాబు యాల రాయల్ల అనిందంట. బోర్డుకు అర్జీ రాసినాం, తలా ఒక మార్కు కలపల్లని. అందురూ సంతకాలు పెట్టినారు. ఆయమ్మ ఊరికి ఎల్లిపాయ. మీరు పొయ్యి ఆ సంతకం కూడా పెట్టించుకోని రాండి. మీది పెద్దసంతకం, కింద పెట్టండి."

అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు. అర్జీ మడిచి జేబులో పెట్టుకుని కుప్పానికి బయలుదేరాను. పుంగనూరు దాటేదాకా నిజం చెప్పాలనుకున్నాను. వెంకటగిరికోటలో బస్సు ఆగినప్పుడు టీ తాగి, సంతకం పెట్టించుకుని రావడమే మేలనుకున్నాను. కుప్పంలో దిగేసరికి ఏ నిశ్చయమూ మిగల్లేదు.

ఆమె షెడ్డులో తట్టల మీద మల్బరీ ఆకు పరుస్తోంది. వేలాది పురుగులు ఆకు నములుతుంటే బయట ఎండగా ఉన్నా లోపల వాన పడుతున్న చప్పుడు. ఆ వానలో నిలబడి, అర్జీ తీయబోయి, చెప్పేశాను.

ఆమె చేతిలోని ఆకు తట్టలో పెట్టింది. తర్వాత మెల్లగా, "అంటే ఆయప్ప లేడా సార్?" అంది.

"లేడమ్మా."

"వాళ్లమ్మ?"

"ఆమె కూడా."

"పెండ్లాం? బడిపంతులమ్మ?"

తల అడ్డంగా ఊపాను. మార్కు గురించి అడుగుతుందనుకున్నాను. ఆమె ముగ్గురు మనుషుల చావు ఒకేసారి విన్నట్టు తట్ట అంచు పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత కోపం వచ్చింది.

"నాకు తెలీదమ్మా అంటే మీ కిరీటం కింద పడుతుందా సార్? ఆ అర్జీ ఈడియ్యండి. మీరు మదనపల్లెకు పొయ్యి అందురి ముందరా ఈ మాట చెప్పండి. చెప్పలేదని తెలిసిందా, సంతకం పెట్టి నేనే పంపిస్తా. కింద మీ పేరే రాస్తా, ఆ హెల్మరప్ప ఎవరని బోర్డోళ్లే మిమ్మల్ని అడగనీ."

మర్నాడు క్లాసులో చెప్పాను. ఒక్కరూ తిట్టలేదు. టమోటా అన్న లేచి, "ఆఫ్రికా దేశాల రాజధానులన్నా నిజమేనా సార్?" అన్నాడు. నిజమేనన్నాను. అయినా ఆ సాయంత్రం ముప్పై మందీ నోటుపుస్తకాలు పట్టుకుని గ్రంథాలయానికి నడిచారు. సెంటరు యజమాని నన్ను జీకే నుంచి తప్పించి, చేతిరాత బాగుందని హాజరుపట్టీ రాసే పని ఇచ్చాడు.

ఫలితాల్లో కుప్పం అక్క నంబరు లేదు. ఎన్ని మార్కుల్లో పోయిందో ఆమె చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేదు. మామగారి షరతు ప్రకారం పుస్తకాలు మూతబడ్డాయి. ఆమె ఆ షెడ్డులో రెండేళ్లు ఆకు పరిచి, మామగారితో పోట్లాడి మళ్లీ పరీక్ష రాసి, ఉద్యోగం తెచ్చుకుంది. అందులో నా గొప్ప ఏమీ లేదు. ఆ రెండేళ్లు మాత్రం నా ఖాతాలోవే.

రెండు వేల సంవత్సరం దాటాక ఒకసారి ఏదో ధ్రువపత్రం కోసం పుంగనూరులో ఒక ఆఫీసుకు వెళ్లాను. కిటికీ అవతల ఆమె. జుట్టు కాస్త నెరిసింది. నన్ను గుర్తుపట్టి కూడా పట్టనట్టే దరఖాస్తు అందుకుంది. ఒక్కో గడి మీద పెన్సిలు ఆనించి, "ఇది నిజమేనా? ఇది?" అని అడుగుతూ పోయింది. వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. నా సొంత పేరు దగ్గర కూడా చెమటపట్టింది.

ముద్ర వేసి, కాగితం చేతికిస్తూ గొంతు తగ్గించి అడిగింది. "ఆయప్ప ఎట్లుండాడు సార్?"

వరుసలో నా వెనకవాడు భుజం మీద తడుతున్నాడు. నేను కదల్లేదు.

"బాగుండాడమ్మా" అన్నాను. "వాళ్లమ్మకే కొంచెం మోకాళ్ల నొప్పులు."