బాక్సు వద్దన్న క్రీము

పోయినేడాది, మామిడికాయ లారీలకెక్కే రోజులు. అప్పటికి ఖాసింబీ గారు పోగొట్టుకున్నవి ఇవి: విస్సన్నపేటలో మంచం పట్టిన అక్క దగ్గర పడుకోవలసిన ఇరవై ఆరు శుక్రవారం రాత్రులు, బంధువుల పెళ్లిళ్లు రెండు, మధ్యలో లేవకుండా పట్టే నిద్ర. కారణం మూత్రంలో మంట, ఆపుకోలేకపోవడం. భర్త మస్తాన్ గారు నడిపేదే విస్సన్నపేట షేర్ ఆటో. ఆమె కోసం దారిలో ఆపినప్పుడల్లా జనం గొణిగేవారు. ఆమె ఎక్కడం మానేశారు.

తిరువూరులో మాది మెడికల్ షాపు. ఫార్మసీ చదివింది మా ఆయన. బిల్లులు, స్టాకు నావి. ఈ లెక్కలు నాకెవరూ నేర్పలేదు, కౌంటర్లో కూర్చుని నేర్చుకున్నాను.

విజయవాడలో డాక్టరమ్మ ఆమెకు ఈస్ట్రోజన్ క్రీమ్ రాశారు. నెలసరి ఆగాక ఈ హార్మోన్ తగ్గి యోని, మూత్రద్వారం దగ్గరి పొర పలచబడుతుంది. ఆ లోటును అక్కడికక్కడే తీర్చే మందు ఇది. యోని లోపల వాడాలి. బాక్సులో ట్యూబుతో పాటు అప్లికేటర్ ఉంటుంది. అది గీతలున్న సన్నటి ప్లాస్టిక్ గొట్టం. డాక్టరు చెప్పిన గీత దాకా క్రీము నింపుకోవాలి.

ఈ మందు కోసం మా షాపుకు ఎక్కువగా మగవాళ్లే వస్తారు. వచ్చినవాళ్లు అడిగేది ఒకటే. మస్తాన్ గారూ అదే అడిగారు.

"బాక్సు వద్దమ్మా. ఇంట్లో కోడలు, పిల్లలు ఉంటారు. ట్యూబొక్కటి కాగితంలో చుట్టివ్వండి."

అలాగే ఇచ్చాం. నెల తిరక్కుండానే మూడో ట్యూబుకి వచ్చారు. డాక్టరమ్మ రాసిన కొలతకు మొదటిదే ఇంకా మిగలాలి.

"ఈసారి ఆమెను పంపండి" అన్నాను.

"ఎందుకమ్మా, నేనున్నాగా?"

"మీరున్నారు గనకే."

మర్నాడు ఖాసింబీ గారు వచ్చారు. లోపలి గదిలో కూర్చోబెట్టాను.

"ఈ మందు పనిచెయ్యట్లేదమ్మా. ఇంకోటేదన్నా ఇవ్వండి."

"ఎక్కడ రాస్తున్నారు?"

"పొత్తికడుపు మీద. బాధ అక్కడే కదా."

కొత్త బాక్సు విప్పి గొట్టం చూపించాను. వాడే తీరూ, మస్తాన్ గారు బాక్సు వద్దన్న సంగతీ చెప్పాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఆటో కొన్నప్పుడు స్టెపినీ కూడా అడిగి మరీ తెచ్చుకున్నాడమ్మా మా ఆయన. నా మందుకి మాత్రం బాక్సు వద్దన్నాడా?"

ఇద్దరం నవ్వాం. డాక్టరమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాం. మళ్లీ మొదటి నుంచి వాడమన్నారు. కొన్ని వారాలకు మంట తగ్గింది, తర్వాత పరుగులూ తగ్గాయి.

మందు అంటే ట్యూబులో ఉన్నదొక్కటే కాదు, దాని కొలత కూడా. ఇప్పుడు ఎవరు బాక్సు వద్దన్నా అప్లికేటర్, లోపలి కాగితం ట్యూబుతో కలిపే చుట్టి ఇస్తాం. వాడేవాళ్లతో ఫోన్లోనైనా నేనొకసారి మాట్లాడతాను.

మొన్న శుక్రవారం ఖాసింబీ గారు షాపు ముందు ఆటోలోంచి తల బయటపెట్టి పలకరించారు. భర్త ఆటోయే, ముందు సీటు. పోయిన రాత్రులకు బదులుగా ఈమధ్య శనివారాలూ అక్క దగ్గరే ఉండిపోతున్నారట.

"మా అక్కకి కాళ్లు రావు గానీ లెక్క బాగా వచ్చమ్మా. ఒక్క రాత్రి కూడా వదల్లేదు."

"ఎన్ని తీరాయి?"

"పదిహేడు."

ఇంకా తొమ్మిది.