ఐలీన్ కోసం నింపిన తూటాలు

ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లోని మా పిస్టల్ క్లబ్బులో, పేల్చేసిన గొట్టాల్లో మళ్ళీ మందు పోసి ఒకరు ఇంట్లో నింపుకున్న తూటాలు ఇంకొకరు పేల్చరు. ఐలీన్ మాత్రం మొగుడు క్లైవ్ నింపినవే పేల్చేది. ఆమెది నొప్పి మణికట్టు, తుపాకి గట్టిగా వెనక్కి తన్నకూడదని అతను తుపాకిమందు తగ్గించి పోసేవాడు. చివరి ఏడాది మతిమరుపు ముదిరి ఆమె పేరు కూడా మరిచాడు, అయినా నింపడం మానలేదు.

అతను పోయాక, అతను నింపిన ఆఖరి డబ్బా ఐలీన్ క్లబ్బులో పేల్చడానికి తెచ్చింది.

"మతుందా? రెండుసార్లు మందు పోసుంటే చెయ్యెగిరిపోద్ది!" అని కసిరి లాక్కున్నాను.

యాభై తూటాలూ విప్పి మందు తూచాను. అన్నిట్లోనూ ఆ తగ్గించిన కొలతే, ఒక్కదానిలోనూ పిసరంత తేడా లేదు.

ఖాళీ ఇత్తడి గొట్టాలు చూసి ఐలీన్ అంది: "నా పేరు మర్చిపోయాడు గానీ నా చెయ్యి నొప్పి మర్చిపోలేదు. ఒక్కటైనా ఉంచకపోయావా, డెజ్?"